కురుత్ కోసం కప్పెక్కొద్దు

అత్తయ్యా,

ఎండిపోయిన సముద్రం మీంచి ఉప్పుదుమ్ము గాలి లేస్తోందట. గుల్జీరాను బడి నుంచి తీసుకురావడానికి వెళ్తున్నాను. మీరు నిద్రలో ఉన్నారని లేపలేదు. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను, తీయకండి. పీల్చే మందు మీ దిండు కింద ఉంది.

కప్పు మీద ఆరుతున్న కురుత్ పెరుగుండలను దించే తీరిక లేక, దుప్పటి కప్పి రాళ్ళు పెట్టాను. వాటి కోసం పైకెక్కకండి. పోయినసారి ఎక్కి నాలుగు రోజులు ఆయాసపడ్డారు. పైగా మీ అబ్బాయితో, "నీ పెళ్ళాం షోర్పాలో మిరియాలు దట్టించిందిరా, అందుకే ఈ దగ్గు" అన్నారు. నేను విన్నాను.

పెరుగుండలు పాడైతే మళ్ళీ చేసుకుందాం. మీరు మంచం పడితే నా వంటకు వంకలు పెట్టేదెవరు?

జుమాగుల్

మరిచాను, నిచ్చెన పక్కింటి బీబీసారా గారింట్లో పెట్టాను. కావాలంటే వెళ్ళి అడగండి. నెల నుంచి ఆవిడతో మీకు మాటల్లేవు కదా, ముందు మీరే పలకరించాలి.