గోడ మీద పదిహేడో నంబరు

విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చనిపోయిన నా కూతురును వెనుకబడిన పిల్లల జాబితాలోంచి తీయించుట, గడియారం పరీక్ష మాకు వద్దనుట గురించి.

నేను బడికి ఎదురుగా ఉన్న దర్జీ కొట్టులో కాజాలు కుట్టుకుంటాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తప్పులుంటే మన్నించవలెను. తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. దేశమంతటికీ ఒకే ప్రమాణమని ఈ ఏడు కొత్తగా పెట్టినారు. మూడో తరగతి పిల్ల నిమిషానికి అరవై మాటలు చదవవలెనట. నా కూతురు పంతొమ్మిది చదివినది. రాక కాదు. పాఠంలో మేక బావిలో పడిన చోట ఆగి, "టీచర్, దాన్ని ఎవరైనా పైకి తీశారా?" అని అడిగినది. జవాబు వచ్చేలోపల నిమిషం అయిపోయినది. మేక సంగతి అడిగినందుకు మార్కులేసే గడి ఆ కాగితంలో లేదు. పదిహేడో నంబరుతో దాని పేరు ఎర్ర సిరాతో గేటు పక్క గోడ మీది వెనుకబడిన పిల్లల జాబితాకెక్కినది.

2. వానల్లో జ్వరమొచ్చి నాలుగో రోజున నా బిడ్డ పోయింది. గోడ మీద పేరు పోలేదు. టీచరమ్మను అడిగితే, "నా చేతుల్లో లేదక్కా. కంప్యూటరులో రెండే దారులు. వేరే బడికి మారిందనో, అరవై అందుకుందనో రాయాలి. నువ్వు చెప్పేది రాయడానికి చోటే లేదు" అన్నది. పోనీ మారిందనే రాయమన్నాను. "ఏ బడి అని అడుగుతుందక్కా" అన్నది.

3. ఆ తర్వాత మూడు నోటీసులు. సాయంత్రం అదనపు తరగతికి పంపమని ఒకటి. పంపనందుకు సంజాయిషీ అడుగుతూ ఒకటి. మూడోది హెడ్మాస్టరు గారే పట్టుకొచ్చి, "ఒక్క సంతకమమ్మా, ఫైలు కదులుతుంది" అన్నారు. పెట్టినాను. తీరా చూస్తే అది, పరీక్షల నాటికి పిల్లను అరవైకి తెచ్చే పూచీ నాదేనని. అక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది.

4. పూచీ పడ్డాను కదా అని నేనే వెళ్లి దాని బెంచీ మీద కూర్చున్నాను. టీచరమ్మ వద్దంటూనే గడియారం నొక్కినది. మేక పడిన చోట నేనూ ఆగినాను. ఇరవై రెండు. ఖాళీ వదిలితే కంప్యూటరు ఊరుకోదని పదిహేడో నంబరుకు ఎదురుగా అదే వేసినది. వారం తిరక్కుండా తమ ఆఫీసు కాగితం: "మీ పిల్ల మూడు మాటలు మెరుగుపడినది. అభినందనలు."

5. మా దర్జీ బాబాయి ఒకే కొలతతో నలభై చొక్కాలు కుడితే ముప్పై తొమ్మిది తిరిగొస్తాయి. అప్పుడు కుట్లు విప్పుతాడు గానీ పిల్లల చేతులు కత్తిరించడు. మా వీధి తల్లులు ముప్పై ఒక్కమంది ఈ కాగితం వెనుక సంతకాలు, వేలిముద్రలు వేసినారు. గడియారం పరీక్ష నాడు పిల్లలను పంపము. మర్నాడు పంపుతాము. చదువు మీద మాకు కోపం లేదు.

కావున గోడ మీద పదిహేడో నంబరు పేరు తుడిపించవలెను. హాజరుపట్టీలో మాత్రం ఉంచవలెను. పొద్దున్నే టీచరమ్మ ఆ పేరు పిలిచి ఒక్క క్షణం ఆగుతుంది. నాకు కొట్టులోకి వినబడుతుంది.

ఈ తల్లి గోడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో తరగతి పదిహేడో నంబరు పిల్ల తల్లి

మళ్లీ మనవి: ఇది రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. గడియారం పెట్టుకోకుండా చదవండి. మిగతా పాఠం నేను ఇంట్లో చదివినాను. మేకను పైకి తీసినారు. పిల్లలందరికీ చెప్పించండి, అరవై మాటల్లోపల ఆ సంగతి రాదు.