కుట్టు తెగిన నవలలు

పిన్నీ,

బాగున్నావా అని మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాదకి ఇప్పుడు నాకు తీరిక లేదు. నిన్ను ఒకటే అడగాలి. మా ఇంట్లో ఎవరు చచ్చిపోబోతున్నారు?

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. నేను ఫోన్ ముట్టుకుంటే చాలు, అమ్మ వచ్చి పక్కన నిలబడుతోంది. ఊ అన్నా ఎందుకన్నావంటోంది. అందుకే బైండింగ్ అయిపోయిన పుస్తకాల కట్టలో ఈ ఉత్తరం దాచి పంపుతున్నాను. మీ లైబ్రరీలో కట్టలు విప్పేది నువ్వే కాబట్టి ఇంకొకళ్ళ చేతిలో పడదు.

సంగతేమిటంటే, నీ దగ్గర్నుంచి రిపేరుకి వచ్చే పుస్తకాలకి కుట్టే ముందు పేజీల వరస చూసేది నేనే అని నీకు తెలుసు. అట్టలూ జిగురూ నాన్నవి, సూదీ దారం అమ్మవి, వరస నాది. "వరస చూడవే అంటే నవల చదువుతూ కూర్చుంటావేంటే" అని అమ్మ రోజూ తిడుతుంది, నేను రోజూ చదువుతాను. ఇదివరకు అన్ని రకాలూ వచ్చేవి. దొంగల కథలు, తోటపని పుస్తకాలు, ఎవరో సబ్బుల వ్యాపారి ఆత్మకథ కూడా వచ్చింది. ఈమధ్య నా బల్ల మీదికి వస్తున్నవన్నీ ఒక్కటే రకం. ఒకదాంట్లో కవల చెల్లెలు పోయిన ఈతగాడు. ఇంకోదాంట్లో బామ్మ పోతే ఆవిడ గొంతు కోసం పాత టేపులన్నీ వెతికే పిల్ల. మరోదాంట్లో రైలు గేటు కాసే తండ్రి పోయాక ఆ గేటు దగ్గరే పెరిగి పెద్దదైన కూతురు. అన్నిట్లోనూ నా వయసువాళ్ళే, అన్నిట్లోనూ ఎవరో ఒకరు పోవడమే.

ఇది ఊరికే జరగదు పిన్నీ. కట్టలో ఉన్నవాటిలో ఇవే ఏరి నాన్న నా బల్ల మీద పెడుతున్నాడని నా అనుమానం. ఇంజెక్షన్ ఇచ్చే ముందు దూదితో రుద్దుతారు చూడు, అలా నన్ను ముందుగా రుద్దుతున్నారు. పైగా ఇంట్లో వాలకం కూడా బాగోలేదు. నిన్న బడి నుంచి వచ్చేసరికి నాన్నా అమ్మా గుసగుసలాడుతున్నారు. నేను గుమ్మంలో కనబడగానే అమ్మ "జిగురు ఆరిందా" అంది. నాన్న "ఆ, ఆరింది" అన్నాడు. నిన్న మా ఇంట్లో జిగురే కలపలేదు.

తాతయ్య మీద నాకు అనుమానం లేదు. ఆయన టీవీ రిమోట్ కోసం నాతో దెబ్బలాడుతున్నాడు, పోయేవాడికి అంత పంతం ఉండదు. నాన్న కాగితాల బొత్తి ఎత్తేటప్పుడు నడుం పట్టుకుంటున్నాడు. అమ్మ అన్నం ముందు కూర్చుని గోడ వంక చూస్తోంది. ఇద్దరిలో ఎవరో తేలడం లేదు.

ఇంకో మాట. ఆ నవలలు నేను నమ్మను. ఎవరు పోయినా ఆ రోజు వాన పడుతుంది. పిల్లలకి అస్సలు ఆకలి వెయ్యదు. పోయేవాళ్ళు తీరిగ్గా ఒక ఉత్తరం రాసి పెడతారు, ధైర్యంగా ఉండు, బాగా చదువుకో, నేను నక్షత్రంలో ఉంటాను అని. నాకెవరైనా అలాంటి ఉత్తరం రాస్తే నాన్న జిగురు డబ్బాలో ముంచేస్తాను. ఇక చివరి అధ్యాయానికి ఆ పిల్లలు టక్కున పెద్దవాళ్ళయిపోతారు. చావేమైనా ట్యూషనా, అయిపోగానే పాసైపోవడానికి. అన్నిటికంటే ఒళ్ళు మండేదేమిటంటే, ఇల్లంతా తెలిసిన విషయం ఆ పిల్లకి అందరికంటే ఆఖర్న చెబుతారు. పక్కింట్లో ఆడుకోమని పంపుతారు. తిరిగొచ్చేసరికి గుమ్మం నిండా చెప్పులు.

నన్ను అలా చెయ్యనివ్వకు. నీకు తెలిసే ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు మీరిద్దరూ తుమ్మినా దగ్గినా చెప్పుకుంటారు. రాసెయ్.

నీ ఎలక


పిన్నీ,

జవాబు రాయలేదు నువ్వు. మళ్ళీ ఒక కట్ట పంపి ఊరుకున్నావు. నువ్వు కూడా వాళ్ళ జట్టేనా అని అనుమానం వచ్చింది కానీ నిన్ను అనుమానిస్తే ఇంక నాకు రాసుకోవడానికి మనిషే ఉండదు కాబట్టి మానేశాను.

ఇప్పుడు నా దగ్గర సాక్ష్యం ఉంది. జనం చదివి చదివి పాడైన పుస్తకం ఎలా ఉంటుందో నన్ను నిద్రలో అడిగినా చెబుతాను. అట్ట మూలలు మెత్తబడతాయి. ముందు మొదటి ఫారం ఊడుతుంది, తర్వాత చివరిది. ఫారం అంటే మడిచి కుట్టిన పదహారు పేజీల బొత్తి అని నీకు నేను చెప్పక్కర్లేదు. దారం అరిగి అరిగి తెగుతుంది కాబట్టి తెగిన చోట పీచు లేస్తుంది. ఈ నవలలకి మూలలు కొత్తగా ఉన్నాయి. ఊడింది నడిమధ్య ఫారాలు. దారం కొసలు నున్నగా ఉన్నాయి. చిరగడం కాదు పిన్నీ, కోత. ఎవరో బ్లేడు పెట్టి కోశారు.

కట్ట విప్పేది నాన్న. ఇంట్లో అందరికంటే పదునైన బ్లేడు నాన్నది. మామూలుగా చదవమని ఇస్తే నేను మూతి ముడుచుకుని పక్కన పడేస్తానని, రిపేరు పేరు పెట్టి చదివిస్తున్నాడన్నమాట. అడుగుదామని వెళ్ళాను. ఆయన కత్తెర పట్టుకుని అట్టగుడ్డ కత్తిరిస్తున్నాడు. "నాన్నా, ఇవి ఎలా ఊడాయి" అన్నాను. "ఊడాయంటే ఊడాయి, పాత పుస్తకాలు కదే" అన్నాడు. నిజంగానే ఏమీ తెలియనట్టు మొహం పెట్టాడు. నాన్నకి అంత బాగా నటించడం ఎప్పుడొచ్చిందో. నీ దగ్గర బయల్దేరినప్పుడు ఆ పుస్తకాలు బాగానే ఉన్నాయా లేదా, అది ఒక్కటి చెప్పు చాలు.

ఎవరన్నది కూడా నాకు తెలిసిపోయింది. అమ్మ.

మీరిద్దరూ ఒకే తానులో గుడ్డ తీసి కుట్టించుకున్న బూడిదరంగు పూల కుర్తా ఉంది కదా. మొన్న మధ్యాహ్నం అమ్మ దాన్ని తిరగేసుకుని రెండు పక్కలా లోపలికి కుడుతోంది. "ఎందుకమ్మా" అన్నాను. "వదులైందే" అంది, తల ఎత్తకుండా. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు చూశాను. ఒక పక్క నా అరచెయ్యంత గుడ్డ లోపలికి పోయింది. మనిషి అంతలా ఎప్పుడు చిక్కిపోయింది, నేను రోజూ చూస్తూ ఎలా చూడలేదు? అప్పట్నుంచి అమ్మ నడుం వంకే చూస్తున్నాను. "ఏంటే ఆ చూపులు" అని విసుక్కుంది. నాకు ఏడుపొచ్చింది కానీ దగ్గినట్టు చేశాను.

పెద్ద సంచి కూడా అటక మీంచి దించింది. ఆసుపత్రికేనేమో.

నేను ఆ రైలు గేటు నవల ఒక్కదాన్నే నమ్మాను పిన్నీ. అందులో వాన లేదు. ఆ పిల్ల తండ్రి పోయిన రోజు కూడా టైముకి వెళ్ళి గేటు వేస్తుంది, ఎందుకంటే రైలు వస్తుంది కదా. ఎవరూ మెచ్చుకోరు కూడా. అది రాసినవాళ్ళెవరో నిజంగా ఎవర్నో పోగొట్టుకుని ఉంటారు. చివరి ఫారం మాత్రం నేను చదవలేదు, తీసి విడిగా పెట్టాను. బాగా ముగుస్తుందేమోనని భయం. బాగా ముగిస్తే దాన్ని కూడా నమ్మడం మానెయ్యాలి.

అమ్మకి ఏమైందో చెప్పు. నాకు పరీక్షలని దాస్తున్నారని తెలుసు. లెక్కల్లో మార్కులు పోతే మళ్ళీ రాసుకుంటాను. అమ్మని మళ్ళీ ఎక్కడ రాసుకోను? ఆఖర్న చెబితే మాత్రం మీ ఎవ్వరితోనూ జన్మలో మాట్లాడను.

నీ ఎలక


మా ఎలకపిల్లకి,

నీ మొదటి ఉత్తరం చదివి నవ్వాను. రెండోది చదివి లైబ్రరీ తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. బయట ఎవరో పేపరు కోసం వచ్చి తలుపు కొట్టి వెళ్ళిపోయారు.

ముందు మీ నాన్నని వదిలెయ్. పాపం ఆ మనిషికి నటన రాదు, ఆ కోత సంగతి నిజంగానే తెలీదు. కోసింది నేను.

మీ అమ్మనీ వదిలెయ్. తన కుర్తా బీరువాలో పై అరలో ఉంటుంది, వెళ్ళి చూసుకో. తను కుట్టింది నా కుర్తా. పోయిన నెల ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళింది. వదులైంది నాకు.

కాబట్టి నువ్వు వెతుకుతున్న మనిషి మీ ఇంట్లో లేదే. నువ్వు ఉత్తరాలు రాస్తున్న చోట ఉంది.

నాకీ జబ్బని పోయిన ఏడాది తెలిసింది. అప్పట్లో డాక్టరు "తగ్గుతుంది" అనేవాడు. ఈమధ్య "చూద్దాం" అంటున్నాడు. నీకు చెబుదామని నేనూ, పరీక్షలయ్యేదాకా వద్దని మీ అమ్మా చాలాసేపు పోట్లాడుకున్నాం. చివరికి తను ఏడ్చేసరికి నేను తగ్గాను. నోటితో చెప్పనని మాటిచ్చాను. రిపేరుకి పుస్తకాలు పంపడం నా ఉద్యోగం కాబట్టి ఉద్యోగం చేసుకుంటే మాట తప్పినట్టు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నువ్వు వరస చూసేది ఏదైనా చదవకుండా వదలవని తెలుసు. నీకే అనుమానం రావాలని, అడగాలని. చెప్పడం చేతకాక నీ చేత అడిగించుకోవాలనుకున్నాను. పెద్దవాళ్ళం ఇలాగే ఏడుస్తాం.

చిక్కేమిటంటే ఆ నవలలు ఎవరూ పెద్దగా తీసుకెళ్ళరు, అవి చిరగవు. చిరగని పుస్తకం పంపితే మీ నాన్న వెంటనే ఫోన్ చేసి "దీనికేమైంది మరదలా" అంటాడు. అందుకని బ్లేడు తీశాను. పేజీ మూల మడిచినవాళ్ళని నేను ఎంత తిడతానో నీకు తెలుసు. మొదటి పుస్తకం కోసినప్పుడు చుట్టూ చూసుకున్నాను, ఎవరైనా చూశారేమోనని. బైండింగ్ ఇంటి పిల్లకి చిరుగుకీ కోతకీ తేడా తెలుస్తుందని మాత్రం తట్టలేదు. తట్టి ఉంటే లాగి తెంపేదాన్ని.

ఇక నువ్వు జిగురులో ముంచుతానన్న ఉత్తరం సంగతి. నీ దగ్గర దాచడం ఎందుకు, నేనొకటి రాసి పెట్టుకున్నాను. అందులో ధైర్యం ఉంది, చదువు ఉంది, ఒక నక్షత్రం కూడా ఉంది. నీ మాట చదివాక చింపేశాను. అవన్నీ తీసేస్తే మిగిలింది కొంచెమే. నాకు భయంగా ఉంది. నిన్ను చూడాలని ఉంది. కానీ ఇప్పుడు రావద్దు. పరీక్షలు కానీ. ఈ మొహం నువ్వు చూడటం నాకే ఇష్టం లేదు, అద్దంలో చూసినప్పుడల్లా వేరే ఎవరో అనుకుంటున్నాను.

ఆ గేటు నవల నేనూ సగంలో ఆపేశాను. చివరికి ఏమవుతుందో చదివి రాయి. ఎలా ఉన్నా రాయి.

పిన్ని


పిన్నీ,

వరస చూస్తుంటే ఫారాల మధ్య దొరికిన నీ ఉత్తరం మేడ మెట్ల మీద కూర్చుని చదివాను. ఎండ మాడిపోతోంది, వాన జాడ కూడా లేదు. చాలాసేపు ఏడ్చాను. తర్వాత బాగా ఆకలేసింది. సిగ్గుగా అనిపించింది కానీ వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తూనే తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఇది ఒక్క నవలలోనూ లేదు.

ఇన్నాళ్ళూ నేను అందర్నీ అనుమానించాను. తాతయ్య గురించి కూడా ఒకసారి ఆలోచించాను. నిన్ను మాత్రం అనుమానించలేదు. నా మీద నాకే కోపంగా ఉంది, నీ మీద కూడా ఉంది, నీ మీదే ఎక్కువ ఉంది.

బీరువా తెరిచి అమ్మ కుర్తా తీశాను. వెళ్ళి తన ముందు పరిచాను. "నువ్వు కుట్టింది పిన్నిది కదా" అన్నాను. అమ్మ సూది పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాన్న జిగురు కుంచె డబ్బాలో పెట్టేశాడు.

"పరీక్షలయ్యాక చెబుదామనుకున్నామే" అంది అమ్మ.

"అప్పటికి ఆలస్యమైతే?" అన్నాను.

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. అటక మీంచి దించిన పెద్ద సంచి దేనికో అప్పుడు చెప్పింది, నీ దగ్గరికొచ్చి ఉండిపోదామని సర్దుకుంటోందట. నాకు మాత్రం ఏదో కథ చెప్పి వెళ్ళిపోదామనుకుందట. నాన్నే కాసేపటికి "లెక్కలకీ సైన్సుకీ మధ్య సెలవులున్నాయి కదా" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు. తర్వాత, "పుస్తకాలు అక్కడ కూడా చదువుకోవచ్చు" అన్నాడు.

శనివారం పొద్దున్న బస్సుకి అమ్మా నేనూ వస్తున్నాం. రావద్దన్నావు, చదివాను. వస్తున్నాం. నీ మొహం నచ్చకపోతే నువ్వు చూసుకోకు, నేను చూసుకుంటాను. ఆ డాక్టరు "చూద్దాం" అనడం మీద నాకు అనుమానంగా ఉంది, వచ్చి నేనే అడుగుతాను.

ఈ కట్టలో నీ నవలలన్నీ ఉన్నాయి. కోసింది నువ్వని తెలిశాక నాన్న వాటికి జంట దారం వేయించాడు. "ఇప్పుడు కొయ్యమను మీ పిన్నిని, చూస్తాను" అన్నాడు. నవ్వుతూ అన్నాడు కానీ వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

గేటు నవల మాత్రం తెరిస్తే చివర ఖాళీగా కనిపిస్తుంది. చివరి ఫారం ఎక్కడ పోయిందని కట్టంతా వెతక్కు, నేనే కుట్టలేదు. అది నా సంచిలో ఉంది. ఏమవుతుందో రాయమన్నావు, నేను చదివితే కదా రాయడానికి. నువ్వు చదువు, నేను పక్కన పడుకుని వింటాను. నీకు అలుపొస్తే నేను చదువుతాను. అయిపోయాక అక్కడే కూర్చుని కుడతాను, సూదీ దారం తెస్తున్నాను. ఈసారి వరస చూడమని ఎవరూ తొందరపెట్టరు కాబట్టి రోజుకి ఒక్క పేజీయే చదువుదాం.

నీ ఎలక