అత్తమ్మ తుంటిలోని ఉక్కు పట్టీ

మీకు నమస్కారం. మొన్నటి బోనాలకు మీరు వెళ్లి రెండేళ్లు నిండాయి. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అమ్మ కూడా. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. వరుసగా చెబుతాను, మధ్యలో కంగారు పడకండి.

పోయిన ఎండాకాలం బర్రెల కొట్టంలో అత్తమ్మ తడి బండ మీద జారిపడింది. చేతిలో పాలచెంబు మాత్రం ఒలకనివ్వలేదు... మీకు తెలుసు కదా ఆమె సంగతి. కుడికాలు కదపలేకపోయింది. బహదూర్‌పురాలో మన గల్లీ అంతా ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గర కట్టు కట్టిద్దామంది. నాకు మనసొప్పలేదు. మంచంతో సహా ఎత్తించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను.

తొడ ఎముక తల కూర్చునే గిన్నె పగిలిందన్నాడు డాక్టరు. రోలు పగిలితే రోకలి ఎలా ఆడుతుందో ఆలోచించుకోమన్నాడు. కాలికి బరువు కట్టి వారాల తరబడి పడుకోబెట్టడం ఒక దారి. ఈ వయసులో అలా పడుకుంటే ఒంటికి పుండ్లు, ఛాతీలో నెమ్ము... మళ్లీ లేస్తుందో లేదో. కోసి, ముక్కలు సరిచేసి, ఉక్కు పట్టీ పెట్టి మరలు బిగించడం రెండో దారి. అందులోనూ ప్రమాదం ఉందని దాచకుండా చెప్పాడు. గుండె గట్టిగా ఉంది కాబట్టి కోతే మేలన్నాడు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. కోతకు భయపడి కాదు.

"నా కొడుకుంటే, నన్ను కాల్చినంక కాటిల నా బొక్కలు వాడే ఏరేటోడు. ఇప్పుడెవలో పరాయోళ్లు ఏరుకుంట, ఏంది, ఈ ముసల్ది మరలు మింగిందా అని నవ్వరా?"

మీరుంటే ఏమనేవారు? అప్పుడే మీ మాట గుర్తొచ్చింది. "అమ్మకు ఎదురు పోకు, ఎంబడి పో." అందుకే వాదించలేదు.

"నేనే ఏర్త అత్తమ్మా. ఆ పట్టీ ఎవల కంటా పడనియ్య."

మన ఇళ్లలో ఆడవాళ్లు కాటికి వెళ్లరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"గట్లనే కానీ. పారెయ్యకు మల్ల, బర్రెను కట్టే గూటానికి పనికొస్తది" అని వేలిముద్ర వేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. కింద మాత్రం కూర్చోకూడదు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. పీటలన్నీ అటకెక్కించాను. అటక వైపు చూసి నన్ను తిడుతుంది.

ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నల్ల బర్రె సరిగా చేపలేదు, పాలు పొదుగులోకి దిగనివ్వలేదు. దూడను వదిలినా తన్నేది. ఇప్పుడు అత్తమ్మ కొట్టంలో మీ కుర్చీ వేయించుకుని, దాని డొక్క మీద చెయ్యి వేస్తుంది. నేను పిండుతాను. పాలు పిండడం రాదని రోజూ నాకు చీవాట్లు... ఆ గొంతు వినపడుతుంటే పొద్దు హాయిగా మొదలవుతుంది.

ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకుంటాను. ఎవరేమన్నా ఆ రోజు కాటికి నేనే వెళ్తాను. మీరు మాత్రం తొందరపడి ఆమెను పిలవకండి. మాకు ఇంకా బర్రె చేపాలి.

మీ
సుగుణ