లారీలోనే పంపండి

కోడుమూరు కొరియర్ ఆఫీసు మేనేజరు గారికి,

గువాహటిలో ఉంటున్న మా తమ్ముడు ఓబుళేశుకు నెలనెలా చెనిక్కాయల పొడి పంపేది నేనే. ఇకమీదట ఆ పార్సిల్‌ను విమానంలో వేయకండి, లారీలోనే పంపండి.

“రెండు దినాల్లో పోయేదాన్ని వారం తిప్పమంటాండావు, ఏంటికన్నా?” అని మీ కౌంటరులో నాగజ్యోతి అడిగింది. నలుగురిలో చెప్పలేకపోయాను.

పోయిన నెల మీవాళ్లు పొరపాటున లారీకి వేశారు. డోన్ చేరిందని, హైదరాబాదు దాటిందని, నాగపూరులో ఉందని రోజుకొక మెసేజీ చొప్పున ఎనిమిది రోజులు నా ఫోను మోగింది. విమానమైతే రెండుసార్లే. అందినాక తమ్ముడు ఫోన్ చేయడు, వాడి పనులు వాడివి. మిగతా రోజుల్లో నా ఫోను టైము చూసుకోవడానికే.

పొడి చెడిపోయే సరుకు కాదు. దారిలో ఎక్కడైనా ఆగిపోయినా ఫిర్యాదు చేయను. ఆగిందని మాత్రం ఒక మెసేజీ పెట్టించండి.