అత్తయ్య అయస్కాంతం

అత్తయ్యా,

టీకా వేసిన చేతికి అయస్కాంతం అంటుకుంటుందని వీడియో పంపావు. నిన్న నీ కుట్టు దుకాణంలో, కిందపడ్డ సూదులు ఏరే అయస్కాంతాన్ని నా భుజానికి ఆనించి చూశావు కూడా. అది జారి పడింది. "నీకు వేసింది మంచి మందై ఉంటుందిలే" అన్నావు. నా సైకాలజీ చదువంతా అక్కడే చతికిలబడింది.

తిరిగొస్తుంటే బస్సులో తట్టింది. నిన్న సూది గుచ్చిన చోటు చూపిస్తుంటే, నా భుజం పట్టుకున్న నీ చేయి వణికింది. రోజంతా సూదులతోనే బతికే నీకు, ఇంకొకరి చేతిలో సూది చూస్తే భయం. ఆ మాట చెప్పుకోలేక వీడియోలు పంపుతున్నావు.

ఎవరికీ చెప్పనులే. కానీ త్వరలో నీ ఒళ్లోకి మనవడో మనవరాలో రాబోతున్నారు, నీ నుంచి ఆ పసిబిడ్డకు జబ్బు సోకకూడదు, టీకా వాయిదా వేయకు. శనివారం ఆసుపత్రికి నేనూ వస్తాను. ఒక చేయి నర్సుకివ్వు, రెండోది నాకివ్వు. ఎవరైనా చూస్తే, వణుకుతున్నది నేనేనని చెబుతాను.

నీ మేనకోడలు