అటెండెంట్ సంతకం

12 నవంబర్ 2007, సోమవారం

బ్యాగుల తనిఖీ. మురళి టూత్‌పేస్ట్ ట్యూబు కూడా నొక్కి చూశారు. ఆఫ్టర్ షేవ్ తీసేసుకున్నారు, దగ్గు మందు తీసేసుకున్నారు. నా బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసినవాడు ఫైలు చూసి వదిలేశాడు. "మేడమ్ తో అటెండెంట్ హై."

అటెండెంట్‌నట. పేషెంటుకు తోడు వచ్చిన భార్య. ఈ ఘాజియాబాద్ మందు మాన్పించే సెంటర్లో జంటల గది అంటే ఇదన్నమాట — ఒక మంచం రోగికి, ఒక మంచం కాపలాకి. ఫోన్లో "కపుల్ ప్రోగ్రామ్ హై జీ, హస్బెండ్-వైఫ్ దోనో" అన్నారు. ఇద్దరికీ వైద్యం చేస్తారేమో అనుకున్నాను. అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది కదా, ఎందుకు అడుగుతున్నానో.

బ్యాగులో శాలువా మడతల్లో నీళ్ళ సీసా. లోపల ఉన్నవి నీళ్ళు కావు.

13, మంగళవారం

పొద్దున్న ఎనిమిదింటికి మురళికి మాత్ర. నర్సింగ్ హోమ్‌లో పది రోజులు సెలైన్ మీద ఉండి వచ్చాడు కాబట్టి ఇవాళ్టి నుంచే మొదలు. ఇది లోపల ఉండగా చుక్క తాగినా మొహం కందిపోయి, వాంతులై, గుండె దడదడలాడి చచ్చేంత పనవుతుందట. కౌన్సెలర్ రేణు మేడమ్ మాత్రను నా అరచేతిలో పెట్టింది. నేను అతని నోట్లో వెయ్యాలి. నీళ్ళు తాగించాలి. నాలుక ఎత్తించి చూడాలి. తర్వాత రిజిస్టర్లో అటెండెంట్ గడిలో సంతకం.

"వైఫ్ కే హాథ్ సే హీ అసర్ హోతా హై" అని మేడమ్ నవ్వు. భార్య చేత్తో ఇస్తేనే పని చేస్తుందట! ఈ చేత్తో ఏమేం పోశానో తెలిస్తే అలా నవ్వదు.

సంతకం చేసి బాత్రూమ్‌కి వెళ్ళాను. రెండు గుక్కలు.

14, బుధవారం

మా పాప సాహితి పుట్టినరోజుకు తెచ్చిన డైరీ ఇది, పిల్లల డైరీ, ప్రతి పేజీ మూలా కుందేలు. దానికి నచ్చలేదని నేను తీసుకున్నాను. కుందేలు పక్కన ఇవన్నీ రాస్తున్నాను.

రెండో క్లాసు పిల్లని మయూర్ విహార్‌లో వదిన దగ్గర దింపి వచ్చాం. వదిన అంటే మురళి అక్క. తమ్ముడు తాగుతాడని ఆవిడకు తెలుసు. నా సంగతి తెలియదు. పైగా దింపిన రోజు నా తల నిమిరింది — "నువ్వుండబట్టి వాడు ఈమాత్రమైనా నిలబడ్డాడమ్మా. మా వాడు అదృష్టవంతుడు." ఆ మెప్పు మింగలేక చచ్చాను. నోట్లో యాలకులు వేసుకుని ఉన్నానప్పుడు.

ఆఫీసులకు చెప్పిన రోగాలు: అతనికి నడుము నొప్పి, నాకు కామెర్లు.

15, గురువారం

మధ్యాహ్నం గదిలో మురళి మెల్లిగా — "పద్దూ, మూత తియ్యవే. తాగనులే. మాత్రుంది కదా, ఎలా తాగుతాను? ఒక్కసారి వాసన చూస్తాను."

అతనికి తెలియదనుకున్నానే, సీసా సంగతి మొదటి రోజే తెలుసట.

ఛీ అన్నాను. రూల్సు చెప్పాను. అటెండెంట్‌ని కదా! పది నిమిషాల తర్వాత మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకున్నాడు. మా ఇద్దరి మీదా నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను.

16, శుక్రవారం

సీసా అయిపోయింది.

17, శనివారం

చెయ్యి వణుకుతోంది. రిజిస్టర్లో నా పేరు నాకే గుర్తుపట్టడానికి వీల్లేదు. రేణు మేడమ్ నా చేతి మీద చెయ్యి వేసి "ఇత్నా టెన్షన్ మత్ లో, పద్మజా. ఠీక్ హో జాయేంగే" అంది. బాగైపోతాడట. పక్క గది మీరట్ ఆంటీ కళ్ళొత్తుకుంది — ఆవిడ భర్త ఇక్కడికి రావడం ఇది మూడోసారి. నాకు అల్లం టీ చేసి ఇచ్చింది. దుప్పటి కప్పింది. అందరూ ఇంత మంచివాళ్ళయితే ఎలా? నాకు ఒళ్ళు మండిపోతోంది. ఒక్కరైనా దగ్గరకొచ్చి వాసన చూడరేం!

18, ఆదివారం

జ్వరం అని పడుకున్నాను. చెమటలు. మురళి తడిగుడ్డ వేశాడు నుదుటి మీద. రెండుసార్లు మార్చాడు కూడా. మాత్ర వేసుకున్నవాడు మాత్ర వేసేదానికి సేవ.

20, మంగళవారం

కొంచెం తిన్నాను. పప్పు, రెండు రొట్టెలు.

తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. మొదట్లో శుక్రవారాలు మాత్రమే. ఇందిరాపురం ఫ్లాట్‌కి కొత్తగా వచ్చాం, ఇక్కడ మాకెవరూ లేరు, అతను ఒక్కడే బయట తాగుతున్నాడని నేనే ఇంటికి తెమ్మన్నాను. కంపెనీ ఇచ్చేదాన్ని. అతను ఆఫీసుకు సెలవు పెడితే నేను ఫోన్ చేసి అబద్ధం చెప్పేదాన్ని. నేను పేరెంట్స్ మీటింగ్ ఎగ్గొడితే అతను వెళ్ళి నాకు మైగ్రేన్ అని చెప్పేవాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో దేంట్లోనైనా ఒకరికొకరం అండగా నిలబడ్డామంటే ఇందులోనే.

21, బుధవారం

సాహితితో ఫోన్, అయిదు నిమిషాలు. నేను తెలుగులో అడిగితే అది హిందీలో. "మమ్మీ, ఆప్ కబ్ ఆఓగే?" నాన్నకు తగ్గాక వస్తానన్నాను. "ఆప్ తో బీమార్ నహీ హో. ఆప్ ఆ జాఓ." నువ్వేం జబ్బు మనిషివి కాదుగా, వచ్చెయ్ అంటోంది.



22, గురువారం

మురళి మహా హుషారు. అందరికంటే ముందు లేచి యోగా. గ్రూప్‌లో చెయ్యెత్తి మాట్లాడతాడు. మేడమ్ అతన్ని మిగతా వాళ్ళకు ఉదాహరణగా చూపిస్తోంది. గదిలోకి వచ్చాక — "ఇంకో రెండు వారాలు ఇలా లాగిస్తే వదిలేత్తారు. ఇంటికెళ్ళాక మాత్ర నీ చేతిలోనే ఉంటది కదా." కన్ను కొట్టాడు.

నా చేతిలోనే ఉంటుంది. అందుకే అతనికి అంత హుషారు. ఒక శుక్రవారం నేను ఇవ్వకపోతే చాలు. ఇవ్వకుండా ఉంటానని అతనికి ఎంత నమ్మకమో! నాకూ అంతే నమ్మకం. అదే భయం.

23, శుక్రవారం

జంటల సెషన్. మూడు జంటలు, మేడమ్. ఒక్కో భార్యా లేచి తన బాధ చెప్పాలి. మీరట్ ఆంటీ చెప్పి ఏడ్చింది. నా వంతు. హిందీలో మొదలుపెట్టాను... రాలేదు. ఆఫీసు హిందీ, కూరగాయల హిందీ వేరు, ఇది వేరు. మేడమ్ "అప్నీ భాషా మే బోలో, మురళీ బతా దేంగే" అంది. మన భాషలో చెప్పమని, మురళి హిందీలో చెబుతాడని.

చెప్పాను. తెలుగులో, అతని మొహం చూస్తూ. "నేనూ తాగుతాను. రోజూ. ఇక్కడ కూడా తాగాను, అయిదు రోజులు, బాత్రూమ్‌లో. మాత్ర నా చేతికివ్వకండి. నన్ను కూడా చేర్చుకోండి."

మురళి గొంతు సవరించుకున్నాడు. మేడమ్ వైపు తిరిగి హిందీలో — చాలా అలసిపోయిందండి, పాప మీద బెంగగా ఉందట, కానీ నా కోసం ఎన్నాళ్ళైనా ఇక్కడ ఉంటానంటోంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

కొట్టారు! ఆంటీ లేచి వచ్చి కౌగిలించుకుంది. నేను ఆవిడ భుజం మీంచి అతన్ని చూస్తున్నాను. నన్ను కాపాడాడా, గది కాపాడుకున్నాడా, ఎనిమిదేళ్ళ అలవాటా... అతనికైనా తెలుసో లేదో. నవ్వుతున్నాడు, పని అయిపోయినట్టు.

ఆంటీని పక్కకు జరిపి అరిచాను. "మై భీ పీతీ హూ! మై భీ!" నేనూ తాగుతానని. వ్యాకరణం ఎలా ఉందో తెలియదు. అర్థమైంది అందరికీ.

24, శనివారం

తప్పు నాది అన్నట్టే ఉంది అందరి వాలకం. రేణు మేడమ్‌కి నేను తాగడం కంటే బ్యాగు చూడకపోవడం బయటపడిందనే కోపం ఎక్కువ. ఆంటీ గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

డాక్టర్ గదిలో అరగంట. నేను అక్కడే కూర్చుని ఉండగా, లేనట్టు, డాక్టరూ మేడమూ వాదించుకున్నారు. ఇద్దరూ తాగేవాళ్ళయితే ఒకే గదిలో పెట్టకూడదు, ఒకరు జారితే రెండోవాళ్ళు పట్టుకుని జారతారు, విడివిడిగా చెయ్యాల్సిందే — డాక్టర్. విడివిడిగా బాగుపడి వచ్చి మళ్ళీ ఒకే సోఫాలో కూర్చుంటారు కదా, కలిసి తాగడం నేర్చుకున్నవాళ్ళకు కలిసి మానడం ఎవరు నేర్పుతారు — మేడమ్. వింటూ ఉంటే ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నాకు తల పగిలిపోయింది.

తేలింది ఏమిటంటే, ఇక్కడ ఆడవాళ్ళను పేషెంటుగా చేర్చుకునే వీలు లేదు. ఆడవాళ్ళ సెంటర్ ద్వారకా దాటాక ఎక్కడో. మంగళవారం చేరవచ్చు. నేను వెళ్తే మురళికి అటెండెంట్ లేనట్టే, కాబట్టి పై గది ఖాళీ చేసి కింద మగవాళ్ళ హాల్లోకి వెళ్ళాలి. పన్నెండు మంచాలు, గ్రిల్లుకి తాళం.

"హాల్లోకా? నేను పోను. ఇంటికి పోతాను" అన్నాడు మురళి. మళ్ళీ తనే — "నిన్నెవరడిగారే? నోరు మూసుకునుంటే ఇద్దరం బయటపడేవోళ్ళం కదా!"

బయటపడేవాళ్ళమా? ఎందులోంచి, మురళీ?

సాయంత్రం

నా ఫారంలో కూడా అటెండెంట్ సంతకం కావాలట. భర్త పేషెంటు కాబట్టి అతని సంతకం చెల్లదు. వదినకు ఫోన్ చేశాను.

మొదట నమ్మలేదు. తమ్ముణ్ణి కాపాడటానికి నింద నా మీద వేసుకుంటున్నానని అనుకుంది, పాపం! మూడుసార్లు చెప్పాను. చివరికి "నా దగ్గర దింపినప్పుడు కూడానా?" అని ఒక్కటే అడిగింది. అవునన్నాను.

"రేపొస్తాను. సంతకం సంగతి వచ్చాక చూద్దాం. పిల్ల మాత్రం ఎప్పుడు పంపాలో నేను చెప్తాను, మీరిద్దరూ కాదు."

సరే అన్నాను. ఏ మొహం పెట్టుకుని కాదంటాను? అయినా ఆవిడ మీద కోపం వచ్చింది. గోడకేసి చెయ్యి బాదుకున్నాను.

25, ఆదివారం, మధ్యాహ్నం

తీసుకురావద్దని చెప్పినా వదిన సాహితిని తీసుకొచ్చింది. ఇంట్లో ఎవరూ లేరట. కావాలనే తెచ్చిందేమో, తెలియదు.

వదిన నా మొహం చూడలేదు. మంచం చివర కూర్చుని ఫారం ఒళ్ళో పెట్టుకుంది, పెన్ను తీసింది. సాహితి ఆవిడ భుజం మీద గడ్డం పెట్టి చదవడం మొదలుపెట్టింది. వేలితో గడి చూపించింది.

"అత్తా, యే గలత్ హై. పేషెంట్ మే మమ్మీ కా నామ్ లిఖ్ దియా." పేషెంటు దగ్గర మమ్మీ పేరు రాసేశారు, తప్పు అని. వైట్‌నర్ ఉందా అని మేడమ్‌ని అడిగి తెస్తానంది.

వదిన పెన్ను ఆగిపోయింది. మురళి కిటికీ వైపు తిరిగాడు. చెప్పాల్సింది నేనే.

"తప్పు కాదమ్మా. అది నా పేరే. నాకే బాగోలేదు. నేను హాస్పిటల్‌కి వెళ్ళాలి."

అది ఆలోచించింది. దాని మొహం వాడుతుందనుకున్నాను. వెలిగింది.

"తో పాపా ఠీక్ హో గయే?"

అంటే నాన్న బాగైపోయాడా అని. ఇంటికి ఒక్కరే జబ్బు మనిషి ఉంటారు దాని లెక్కలో. నా పేరు రాశారంటే అతని పేరు కొట్టేసినట్టే. అది మంచం కిందికి దూరి నాన్న చెప్పులు వెతికి తెచ్చి, దుమ్ము దులిపి, అతని కాళ్ళ ముందు పెట్టింది.

అతను నా వైపు చూశాడు, వెళ్ళనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాలా, నిలువుగా ఊపాలా? అతను నా మాట వింటే నాకు అదో భయం, వినకపోతే ఇంకో భయం. ఊరికే చూస్తూ ఉండిపోయాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాడు. వదిన సంతకం పెట్టకుండానే పెన్ను మూసి, ఫారం మంచం మీద వదిలి వాళ్ళ వెనకే వెళ్ళింది.

పావుగంట అయింది. మేడమ్ నన్ను పైనే ఉండమంది. హాల్లోకి వెళ్ళాడో, గేటు దాటాడో, ఇక్కడి నుంచి తెలియదు. రెండూ కిందే.