కుట్టులో వదిలే గుడ్డ

చిరంజీవి పెద్దబ్బాయికి, నేను కులాసా. నీ కూతురు నిన్న హాస్టల్లో చేరింది. ఫోనులోనైతే నా మాట సగంలోనే పెట్టేస్తావు, కార్డయితే చివరిదాకా చదవక తప్పదని రాస్తున్నాను.

నన్ను చూడ్డానికొచ్చిన దాన్ని, బయల్దేరే ముందు నా దుకాణంలో నిలబెట్టి, కాలేజీ కోటు సరిచేస్తూ నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాను. నా నోటికి విశ్రాంతి అప్పుడొక్కటే అంటుంది మీ అమ్మ. ఆ సందు చూసుకుని పిల్ల నోరు విప్పింది. "తాతా, తాగితే ఇంటి గడప తొక్కొద్దన్నాడు నాన్న. నేను తాగనులే. కానీ ఎవరైనా పందెం కట్టి తాగించి, నా ఒళ్లు నాకు తెలియకపోతే? నాన్నకి మాత్రం ఫోన్ చెయ్యను." సూదులన్నీ తీసి, మరెవరికి చేస్తావే అని అడిగేసరికి, "ఎవరికీ చెయ్యను" అంది. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

తాగొద్దని చెప్పడం తండ్రిగా నీ ధర్మం, కాదనను. కానీ ఎదిగే పిల్లకి కుట్టేటప్పుడు ఏ దర్జీ అయినా కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతాడు. దర్జీ కొడుకువై ఉండి నువ్వు అంచుకంటా కత్తిరించావు. ఏ స్థితిలో ఉన్నా ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను, తిట్లు తర్వాత చూసుకుందాం అని ఈ వారం దాటకుండా దానికి చెప్పు.

మీ ఇంటి అటక మీదున్న నా పెద్ద కత్తెర సాన పట్టించి పంపు. నీ దగ్గరికొచ్చాక అమ్మకి దగ్గు తగ్గిందా? కోడలికి, చిన్నవాడికి ఆశీస్సులు. పిల్లతో మాట్లాడాక ఒక్క ముక్క రాయి. అందాకా నాకు సూదిలో దారం ఎక్కేలా లేదు.

మీ నాన్న